ముందు ఆమె ఫిర్యాదు రాసుకోండి: తిరుపతి పోలీసులకు, నగరపాలక సంస్థకు, కాలనీ సంఘాలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన తిరుపతి జిల్లా ఎస్పీ గారికి, నగరపాలక సంస్థ కమిషనర్ గారికి, చిత్తూరు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శి గారికి, కాలనీ సంక్షేమ సంఘాల పెద్దలకు, లాడ్జి యజమానులకు నమస్కారం.

బ్రహ్మోత్సవాలు దగ్గర పడినా, కాలనీ నుంచి అర్జీ వచ్చినా, రాత్రిపూట తీసిన వీడియో ఒకటి ఫోన్లలో తిరిగినా తర్వాత జరిగేది ఒకటే. స్పెషల్ డ్రైవ్ అంటారు. బస్టాండు, రైల్వే స్టేషన్ చుట్టుపక్కల సెక్స్ వర్క్ కోసం నిలబడిన ఆడవాళ్లను జీపెక్కిస్తారు. ఇంతమందిని అదుపులోకి తీసుకున్నామని మర్నాడు వార్త వస్తుంది. పక్షం తిరక్కుండా అదే చోట అదే మనుషులు, లేదంటే కొత్త మనుషులు. ఏ స్టేషన్‌నో వేలెత్తి చూపడానికి ఈ మాట అనడం లేదు. రాష్ట్రమంతటా, ఎన్నో ఏళ్లుగా అలవాటైపోయిన పద్ధతి ఇది.

మేము ఈ మహిళల ఆరోగ్యం, న్యాయ సహాయం కోసం పనిచేసే క్షేత్ర కార్యకర్తలం, కౌన్సెలర్లం, న్యాయవాదులం. మా విన్నపం ఒక్కటే. రోడ్డు మీద కనిపించే మహిళను పట్టుకోవడానికి పెడుతున్న సిబ్బందిని, ఆ రాత్రి గంటలను, ఆమెను అమ్ముకునేవాడి మీద, కొట్టేవాడి మీద, సంపాదన లాక్కునేవాడి మీద పెట్టండి. కొత్త చట్టం అక్కర్లేదు. ఉన్న చట్టాన్ని ఉన్నట్టు చదివితే చాలు.

ముందుగా, రోడ్డు మీద ఉన్నది ఎవరో చూడాలి. చుట్టుపక్కల పల్లెల నుంచి పొద్దున బస్సెక్కి వచ్చి చీకటి పడేసరికి ఇంటికి చేరేవాళ్లున్నారు. వాళ్ల ఇళ్లలో కూలికి పోతున్నారనో, హోటల్లో పాత్రలు కడుగుతున్నారనో అనుకుంటుంటారు. భర్త వదిలేసి పిల్లల్ని సాకుతున్నవాళ్లున్నారు. ఇంట్లోంచి గెంటేస్తే బతకడానికి వేరే దారి లేని ట్రాన్స్ మహిళలున్నారు. మందుకు బానిసైనవాళ్లున్నారు. మాతమ్మ అనే గ్రామదేవత పేరుతో కుటుంబాలు చిన్నప్పుడే వదిలిపెట్టిన ఆడపిల్లలున్నారు. దేవదాసీ నిషేధ చట్టం 1988లోనే వచ్చినా, చిత్తూరు సరిహద్దు మండలాల్లో ఈ ఆచారం మిగిలి ఉందన్న వార్తలపై జాతీయ మానవ హక్కుల సంఘం 2017లో మన రాష్ట్రానికీ తమిళనాడుకూ నోటీసులిచ్చింది. బ్రోకర్ చేతిలో ఉన్నవాళ్లున్నారు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలూ దొరుకుతారు. వీళ్లందరినీ ఒకే జీపులో ఎక్కించి, ఒకే కాగితం మీద ఒకే సెక్షన్ రాసినప్పుడే తప్పు మొదలవుతోంది.

అసలు ఈ వ్యాపారంలో రోడ్డు చాలా చిన్న భాగం. ఎక్కువ భాగం ఫోన్ మీద, లాడ్జి గదుల్లో, అద్దె ఇళ్లలో నడుస్తుంది. గది అద్దెకు డబ్బు లేనివాళ్లు, స్మార్ట్‌ఫోన్ లేనివాళ్లు, వయసు మీరాక బ్రోకర్లు వద్దన్నవాళ్లు రోడ్డు మీద మిగులుతారు. అంటే డ్రైవ్‌లో దొరికేది అందరికంటే పేదవాళ్లు, ఈ వ్యాపారంలో లాభం అందనివాళ్లు.

ఇక చట్టం. పోలీసుల నోట పీటా చట్టంగా వినిపించే 1956 నాటి అనైతిక రవాణా నిరోధక చట్టం ఏది నేరమని చెబుతుందో, ఏది చెప్పదో స్టేషన్ స్థాయిలో స్పష్టంగా తెలియాలి. వయసొచ్చిన మహిళ తన ఇష్టంతో ఈ పని చేయడమే నేరమని అందులో ఎక్కడా లేదు. బాంబే హైకోర్టు 2020 సెప్టెంబరులో ముగ్గురు మహిళలను విడిపిస్తూ ఈ సంగతే చెప్పింది. నేరాలు వేరే ఉన్నాయి. వ్యభిచార గృహం నడపడం సెక్షన్ 3. ఇంకొకరి సంపాదన మీద బతకడం సెక్షన్ 4. మనిషిని ఈ పనిలోకి దించడం సెక్షన్ 5, నిర్బంధించి ఉంచడం సెక్షన్ 6. మహిళల మీద వాడేవి చివరి రెండూ: బహిరంగ స్థలాలకు దగ్గరలో చేస్తే సెక్షన్ 7, రోడ్డు మీద పిలిస్తే సెక్షన్ 8.

మొదటి నాలుగు సెక్షన్ల కింద కేసు నిలబెట్టాలంటే పని ఉంది. డబ్బు ఎక్కడికి పోయిందో చూడాలి, ఫోన్ రికార్డులు తీయాలి, గది ఎవరి పేరు మీద ఉందో తేల్చాలి. సెక్షన్ 8కు అదేమీ అక్కర్లేదు, రోడ్డు మీద మనిషి ఉంటే చాలు. లెక్కలు చూపించాల్సి వచ్చినప్పుడు చేయి సహజంగా తేలికైన దాని మీదికే పోతుంది.

సెక్షన్ 7 తిరుపతిలో ఎలా పనిచేస్తుందో ఒక్కసారి మ్యాపు మీద చూడండి. గుడి, బడి, హాస్టల్, ఆసుపత్రి, నర్సింగ్ హోమ్, వీటిలో దేనికైనా 200 మీటర్ల లోపు ఈ పని జరిగితే మూడు నెలల వరకు జైలు. రైల్వే స్టేషన్ నుంచి గోవిందరాజస్వామి గుడి నడక దూరమే. ఆ చుట్టుపక్కల నర్సింగ్ హోములు, బడులు, హాస్టళ్లు. రుయా, స్విమ్స్ ఆసుపత్రులు, విశ్వవిద్యాలయాల వైపు చెప్పనే అక్కర్లేదు. ఒక్కో దాని చుట్టూ 200 మీటర్ల గీత గీసుకుంటూ పోతే గీతలన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఊరి నడిబొడ్డంతా నిషిద్ధమవుతుంది. మిగిలేవి కరకంబాడి వైపు, రేణిగుంట వైపు, చంద్రగిరి వైపు చీకటి రోడ్లు. బస్టాండు ఎదురుగా టీ బంకు వెలుతురులో నిలబడ్డ మహిళకు, వచ్చినవాడు తాగి ఉన్నాడా, బండిలో ఒక్కడే ఉన్నాడా, వెనక ఇంకెవరైనా దాక్కున్నారా అని చూసుకునే వీలుంటుంది. కాదనుకుంటే అవతలికి నడిచిపోతుంది, కేకేస్తే నలుగురు వస్తారు. హైవే పక్కన ఆ వీలు లేదు. అక్కడ జీపు లైట్లు కనిపిస్తాయన్న భయంతో రెండు మాటల్లో బేరం ముగించి ఎక్కేస్తుంది. ఊరు శుభ్రమైందని మనం అనుకునే రాత్రే ఆమెకు దెబ్బలు తగిలే రాత్రి.

క్షేత్రం పవిత్రత ముఖ్యం కాదా అని అడిగేవాళ్లున్నారు. ముఖ్యమే. కానీ ఆ సెక్షన్ 7 కిందే గిరాకీగా వచ్చిన మగవాడికి కూడా అదే మూడు నెలల శిక్ష ఉంది. పవిత్రతకు భంగం ఆడమనిషి ఒక్కతే కలిగించదు కదా. మగవాణ్ని అక్కడికక్కడే తిట్టి పంపేసి ఆమెను మాత్రమే స్టేషన్‌కు తెస్తే, అది చట్టం అమలు కాదు.

అరెస్టు పద్ధతిలో తరచూ జరిగే పొరపాట్లు చెబుతాము. ఈ చట్టం కింద వారెంటు లేకుండా అరెస్టు చేసే అధికారం ప్రత్యేక పోలీసు అధికారిది. ఆయన ఇన్‌స్పెక్టర్ హోదాకు తక్కువ కాకూడదు. కింది ఉద్యోగిని పంపితే ఎవరిని, ఏ నేరానికి అరెస్టు చేయాలో రాసి ఇవ్వాలని సెక్షన్ 14 చెబుతుంది. బీటు కానిస్టేబుల్ తనంతట తాను జీపెక్కించడానికి లేదు. సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు మహిళను అరెస్టు చేయకూడదు. తప్పనిసరి పరిస్థితుల్లో మహిళా అధికారి రాతపూర్వకంగా నివేదించి మేజిస్ట్రేటు ముందస్తు అనుమతి తీసుకోవాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 43 చెబుతుంది. పీటా చట్టం కింద సోదా చేస్తే కనీసం ఇద్దరు మహిళా పోలీసులు వెంట ఉండాలి. ఆ ప్రాంతపు పెద్దమనుషులు ఇద్దరు సాక్షులుగా ఉండాలి, వాళ్లలో ఒకరు మహిళ కావాలి. పట్టుకున్న మహిళను ప్రశ్నించేది మహిళా అధికారే కావాలి. మహిళా అధికారి లేకపోతే, గుర్తింపు ఉన్న సంక్షేమ సంస్థ నుంచి మహిళ ఒకరు పక్కన ఉండాలి.

సెక్షన్ 8 కింద రాసే ఫిర్యాదుల్లో ‘అసభ్యంగా సైగలు చేస్తూ విటులను ఆకర్షిస్తుండగా’ అన్న వాక్యం ఒకటి మక్కీకి మక్కీ తిరుగుతుంటుంది. ఏ సైగ, ఎవరికి, ఎన్ని గంటలకు, ఎవరు చూశారు అన్నవి ఉండవు. రోడ్డు మీద నిలబడటం నేరం కాదు. బస్సు కోసం నిలబడ్డ మహిళకూ ఆ వాక్యమే సరిపోతుంది, అదే దాని ప్రమాదం. ఇలాంటి కేసు కోర్టులో వాదిస్తే నిలవదు. కానీ వాదించేదెవరు? వాయిదాకు రావాలంటే ఆ రోజు సంపాదన పోతుంది, ఇంట్లో ఏదో అబద్ధం చెప్పాలి, జామీను ఇచ్చేవాళ్లు ఉండరు. అందుకని ‘ఒప్పేసుకో, జరిమానా కట్టి పోవచ్చు’ అన్న సలహా వింటుంది. మొదటిసారికి ఆరు నెలల వరకు జైలు గానీ 500 రూపాయల వరకు జరిమానా గానీ ఉంది. 500 కట్టి బయటపడ్డానని ఆమె అనుకుంటుంది. రెండోసారి శిక్ష పడితే అది ఏడాది దాకా పోవచ్చని, మొదట ఒప్పుకున్నదే దానికి పునాది అని ఎవరూ చెప్పరు. పైగా ఆ జరిమానాకు తెచ్చిన అప్పు రోజువారీ వడ్డీది. తీర్చడానికి ఇంకో రెండు రాత్రులు ఎక్కువ నిలబడాలి. మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. రిమాండు కోర్టులో, ఒప్పుకోలు అడిగే ముందు న్యాయ సేవాధికార సంస్థ న్యాయవాది ఒక్క ఐదు నిమిషాలు ఆమెతో విడిగా మాట్లాడితే ఈ గొలుసు అక్కడే తెగుతుంది. 15100 నంబరు కోర్టు హాలు బయట పెద్ద అక్షరాలతో రాయించండి.

కేసు కట్టని చోట బైండోవర్ (మంచి నడవడికకు పూచీకత్తు రాయించుకోవడం) ఉంటుంది, న్యూసెన్స్ పెట్టీ కేసు ఉంటుంది. ఏదీ లేకపోతే జీపులో తీసుకెళ్లి ఊరి బయట వదిలేయడం ఉంటుంది. అర్ధరాత్రి హైవే మీద ఒంటరి ఆడమనిషిని దించేయడం ఏ చట్టంలోనూ లేదు. అది దయ చూపినట్టు కానే కాదు.

కండోమ్‌ల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. సంచిలో దొరికిన కండోమ్‌లను సాక్ష్యంగా పంచనామాలో రాసే అలవాటు ఇంకా పోలేదు. ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం కింద ప్రభుత్వమే వాటిని ఉచితంగా పంచుతోంది. పంచడానికి తోటి మహిళల్లోంచే పీర్ ఎడ్యుకేటర్లను పెట్టింది. ఒక ప్రభుత్వ శాఖ చేతిలో పెట్టిన దాన్ని ఇంకో శాఖ నేరానికి గుర్తుగా చూపిస్తోందన్నమాట. 2017 నాటి హెచ్‌ఐవీ ఎయిడ్స్ నివారణ చట్టం సెక్షన్ 22 దీన్ని ఒప్పుకోదు. 2022 మే 19న సుప్రీంకోర్టు బుద్ధదేవ్ కర్మాస్కర్ కేసులో, ఈ మహిళలు ఆరోగ్య రక్షణకు వాడే వస్తువులను నేరానికి సాక్ష్యంగా చూడకూడదని ఆదేశించింది. డ్రైవ్ జరిగిన వారం ఏమవుతుందో మాకు బాగా తెలుసు. మహిళలు కండోమ్‌లు దగ్గర పెట్టుకోరు. పీర్ ఎడ్యుకేటర్‌ను కూడా జీపెక్కిస్తారన్న భయంతో ఆమె బయటికి రాదు. చోటు మారిన వాళ్లు ఎక్కడున్నారో తెలియదు. మూడు నెలలకోసారి జరగాల్సిన సుఖవ్యాధుల పరీక్ష, ఆరు నెలలకోసారి జరగాల్సిన హెచ్‌ఐవీ పరీక్ష తప్పిపోతాయి. రుయాలో హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రంలో మందులు తీసుకునే మహిళ స్టేషన్‌లో ఉండిపోతే ఆ రోజు మాత్ర పడదు. మందులు తెప్పించండి అని అడిగితే తన జబ్బు అందరికీ తెలిసిపోతుందని నోరు మూసుకుంటుంది. అదుపులోకి తీసుకున్న ప్రతి మహిళనూ, జబ్బు పేరు ఎత్తకుండా, ‘రోజూ వేసుకునే మాత్రలేమైనా ఉన్నాయా? ఎవరితో తెప్పించాలి?’ అని అడిగితే సరిపోతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది దెబ్బల సంగతి. గిరాకీ కొట్టాడని, ఒక్కడని చెప్పి నలుగురు వచ్చారని, డబ్బూ ఫోనూ లాక్కున్నారని, బండిలోంచి తోసేశారని ఈ మహిళ స్టేషన్‌కు వెళ్తే ఎదురయ్యే మొదటి ప్రశ్న ‘నువ్వక్కడ ఎందుకున్నావు?’ ఆ ప్రశ్నతోనే కేసు చచ్చిపోతుంది. ఇంకోసారి ఆమె గడప తొక్కదు. ఆమెను కొట్టినవాడికి ఆ సంగతి తెలుసు. అందుకే వాడు మళ్లీ వస్తాడు, ఇంకొకరిని కొడతాడు. చివరికి వాడు పట్టుబడేది ‘మంచి ఇంటి’ అమ్మాయి మీద చేయి వేసినప్పుడే. వాడి గురించి అప్పటికే తెలిసిన వాళ్లు రోడ్డు మీద డజను మంది ఉంటారు.

సుప్రీంకోర్టు 2022 ఉత్తర్వులో లైంగిక దాడికి గురైన సెక్స్ వర్కర్‌కు మిగతా బాధితులకు అందే సౌకర్యాలన్నీ, తక్షణ వైద్యంతో సహా అందాలని స్పష్టంగా ఉంది. స్టేషన్‌లో దాన్ని ఎలా చేయాలో చెబుతాము. ఎక్కడ జరిగిందన్న పేచీ లేకుండా జీరో ఎఫ్‌ఐఆర్ కట్టాలి. లైంగిక నేరాల ఫిర్యాదు రాసుకోని ఉద్యోగికే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 199 కింద ఆరు నెలలకు తగ్గకుండా, రెండేళ్ల దాకా శిక్ష ఉంది. ఎఫ్‌ఐఆర్ నంబరు కోసం ఆగకుండా ఆసుపత్రికి పంపాలి. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందు మొదటి డోసు వీలైతే రెండు గంటల్లో, ఎట్టి పరిస్థితిలోనూ 72 గంటల్లోపు పడాలి. 28 రోజులు వాడాలి. స్టేషన్ బెంచీ మీద ఒక రాత్రి కూర్చోబెడితే అందులో 12 గంటలు పోయినట్టే. స్నానం చేయకుండా రమ్మనాలి. వేసుకున్న బట్టలు ప్లాస్టిక్ కవర్లో కాకుండా కాగితపు సంచిలో పెట్టాలి, ప్లాస్టిక్‌లో తేమకు నమూనా పాడవుతుంది. రెండు వేళ్ల పరీక్షను సుప్రీంకోర్టు 2022 అక్టోబరు 31న గట్టిగా తప్పుపట్టింది, అది చేసే వైద్యుడిది దుష్ప్రవర్తనే. ఆమె చేసే పని ఆ కేసుకు సంబంధం లేని విషయం. ఫిర్యాదులో ఆ మాట రాయించాల్సిన అవసరం ఎక్కడా రాదు. అక్కడ ఉన్నందుకు ఆమె మీద ఎదురు కేసు పెట్టబోమన్న హామీ ఎస్పీ గారి సంతకంతో రావాలి. నోటి మాటగా చెబితే షిఫ్టు మారగానే మాసిపోతుంది.

ఒక మహిళా ఎస్సైని ఈ పనికి పేరు పెట్టి కేటాయించి, ఆమె ఫోన్ నంబరు పీర్ ఎడ్యుకేటర్లకు ఇవ్వండి. బండి నంబరు, మనిషి ఆనవాలు, మాట యాస, ఎక్కడ ఎక్కించుకున్నాడు, ఎక్కడ దించాడు అనే ఐదు వివరాల చిన్న కాగితం మేమే తయారు చేసి ఇస్తాము. ఫిర్యాదు చేయడానికి భయపడే మహిళ కూడా ఈ కాగితం నింపుతుంది. ఒకే బండి నంబరు మూడు కాగితాల మీద కనిపిస్తే ఆ ఎస్సైకి పని మొదలైనట్టు.

చిన్న పిల్లల విషయానికి వస్తే పైన చెప్పిన ఏ సందిగ్ధమూ లేదు. పద్దెనిమిది లోపు ఎవరైనా సరే బాధితురాలే. ఇష్టం, అయిష్టం అన్న ప్రశ్నే లేదు. పోక్సో కేసు, 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరు. కానీ పొరపాటు వయసు దగ్గరే జరుగుతుంది. చీర కట్టుకుని, తలలో పూలు పెట్టుకుని ‘ఇరవై రెండు సార్’ అని నేర్పిన మాట అప్పజెప్పే పిల్లను ఆధార్ చూసి వదిలేస్తారు. ఆధార్‌లో పుట్టిన తేదీ మార్పించి ఉండొచ్చు. అది వయసుకు రుజువు కాదు. బడి సర్టిఫికెట్, అది లేకపోతే పురపాలక లేదా పంచాయతీ జనన ధ్రువీకరణ, ఆ రెండూ లేనప్పుడే వైద్య పరీక్ష. జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 94 చెప్పే వరస ఇది. ‘ఏ బడిలో చదివావు, ఏ క్లాసులో మానేశావు, అప్పుడు చెల్లెలు ఏ క్లాసు?’ అని మెల్లగా అడిగితే వయసు దానంతటదే బయటపడుతుంది.

వయసొచ్చినా బలవంతంగా ఉంచిన మహిళను గుర్తించడానికి కొన్ని ఆనవాళ్లున్నాయి. ఫోన్ ఆమె చేతిలో ఉండదు, ఉన్నా లాక్ తెలియదు. దుస్తులు ఖరీదైనవే అయినా దగ్గర బస్సు చార్జీ ఉండదు. ఆధార్ ‘అక్క’ దగ్గరుంటుంది. ప్రశ్న ఆమెను అడిగితే పక్కనున్నవాళ్లు జవాబు చెబుతారు. ఊళ్లో ఏ సందులో ఉంటున్నదీ చెప్పలేదు. అడ్వాన్సు తీరలేదని మాట మధ్యలో వస్తుంది. వీటిలో ఒక్కటి కనిపించినా విడిగా, ఆమె భాషలో మాట్లాడాలి. తమిళం, కన్నడం మన దగ్గర దొరుకుతాయి, హిందీ, బెంగాలీకి ముందే మనిషిని చూసి పెట్టుకోవాలి. పట్టుబడ్డ గుంపులో బ్రోకర్ కూడా బాధితురాలి వేషంలో ఉంటుంది. అందరినీ ఒకే గదిలో కూర్చోబెడితే ఆ రాత్రికి రాత్రే ఏం చెప్పాలో అందరికీ పాఠం చెప్పేస్తుంది.

రక్షించిన తర్వాతి కథ అంతకంటే కష్టమైనది. హోంలో పెట్టాక విచారణకు మూడు వారాల గడువుంది. వచ్చి తీసుకెళ్తామనే ‘మేనమామ’, ‘భర్త’ నిజంగా ఎవరో ఊళ్లో తేల్చుకోకుండా అప్పగిస్తే ఆమెను మళ్లీ అమ్మేసినట్టే. మరోవైపు, వయసొచ్చి ఇంటికి పోతానన్న మహిళను ఏళ్ల తరబడి ఉంచడం కూడా తప్పే. అలాంటి వాళ్లను గుర్తించి విడిచిపెట్టేందుకు హోముల్లో సర్వే చేయాలని 2022 ఉత్తర్వు చెప్పింది. పునరావాసం పేరుతో కుట్టు మిషన్ ఇచ్చి ఫొటో దిగే పద్ధతి మానుకోవాలని వేడుకుంటున్నాము. ఈ పని మానేయాలనుకునే మహిళను ఆపేది అప్పు, గది అడ్వాన్సు, పిల్లల బడి, మందు అలవాటు, గుర్తింపు కార్డు లేకపోవడం. అప్పు అలాగే ఉంటే మిషన్ నెల తిరక్కుండా తాకట్టుకు పోతుంది. ఆధార్ కోసం ఇంటి చిరునామా రుజువు లేకపోయినా రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ప్రాజెక్టు డైరెక్టర్ ధ్రువీకరణతో ఇచ్చే వీలుంది. ఆధార్ వస్తే బ్యాంకు ఖాతా, రేషన్, పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ (మెప్మా) పొదుపు సంఘం దారి తెరుచుకుంటుంది. ఇక్కడ నగరపాలక సంస్థ చేయగలిగింది చాలా ఉంది.

2022 ఉత్తర్వు గురించి ఒక సవరణ కూడా చేయాలి. వ్యభిచారాన్ని సుప్రీంకోర్టు చట్టబద్ధం చేసిందని, పోలీసులు ఇక జోక్యం చేసుకోకూడదని ప్రచారమైంది. అది నిజం కాదు. కోర్టు వేసిన ప్యానెల్ సిఫార్సుల్లో కొన్నింటిపై కేంద్రం అభ్యంతరం చెప్పింది. ఇష్టంతో చేసేవాళ్ల జోలికి పోవద్దన్నది వాటిలో ఒకటి. అభ్యంతరం లేని వాటిని మాత్రం పార్లమెంటు చట్టం చేసేవరకు పాటించాలని కోర్టు ఆదేశించింది. బాధితులకు వైద్యం, హోముల సర్వే, పోలీసుల మర్యాద, మీడియా నియంత్రణ, కండోమ్‌లు, న్యాయ అవగాహన ఆ జాబితాలోవే. మేము అడుగుతున్నవి దాదాపు అన్నీ అందులోనే ఉన్నాయి.

లాడ్జి యజమానులకు ఒక మాట. సెక్షన్ 7 కింద తెలిసి గది వాడుకోనిస్తే హోటల్ లైసెన్సు మూడు నెలల నుంచి ఏడాది వరకు సస్పెండ్ అవుతుంది. గంటల లెక్కన గది ఇవ్వడం, ఒకే ఆధార్ జిరాక్స్ మీద వారంలో పది గదులు రాయడం, రిసెప్షన్ కుర్రాడు ఫోన్‌లో ఫొటోలు చూపించడం మీ రిజిస్టర్లోనూ సీసీ కెమెరాలోనూ ఉంటాయి. పోలీసు వారికి కూడా అదే మనవి. ఒక బ్రోకర్ ఫోన్‌ను పద్ధతిగా పరిశీలిస్తే దొరికే సమాచారం, నెల రోజుల రోడ్డు డ్రైవ్‌లలో దొరకదు. అయితే జాగ్రత్త. ఇద్దరు మహిళలు భద్రత కోసం ఒకే గది అద్దెకు తీసుకుంటే ఈ చట్టం దాన్నీ వ్యభిచార గృహంగానే చూస్తుంది. ఆమె సంపాదన మీద ఆధారపడ్డ వయసొచ్చిన కొడుకు, ముసలి తల్లి కూడా సెక్షన్ 4లోకి వస్తారు. సంఖ్య కోసం అలాంటి వాళ్లను నిర్వాహకులుగా చూపించకండి.

కాలనీ వాసుల బాధ మాకు తెలియనిది కాదు. రాత్రి డ్యూటీ ముగించుకుని ఇంటికి పోయే నర్సును, కోచింగ్ నుంచి వచ్చే పిల్లను బండి మీద వచ్చినవాడు ‘వస్తావా’ అని అడుగుతాడు. ఇంటి ముందు గొడవలు, పొద్దున్నే గేటు దగ్గర వాడి పారేసిన కండోమ్‌లు. ఇది భరించాల్సిన విషయం కాదు. కానీ ఆ పిల్లను అడిగినవాడు మగవాడు. కాబట్టి అర్జీలో ‘చెడ్డ ఆడవాళ్లు తిరుగుతున్నారు’ అని కాకుండా, ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ స్తంభం దగ్గర, ఏ నంబరు బండి, ఏం జరిగింది అని రాయండి. అలాంటి అర్జీ మీద పోలీసులు ఆ గంటకు ఆ చోట ఉండగలరు. వెలగని వీధి దీపాల స్తంభం నంబర్లు వార్డు సచివాలయంలో ఇవ్వండి. ఖాళీ స్థలాల్లో కంపచెట్లు కొట్టించమనండి. మూత ఉన్న చెత్త డబ్బా ఒకటి పెట్టించమనండి; మహిళలతో మాట్లాడి దాన్ని వాడేలా చూసే పూచీ మాది. రాత్రి ఎన్నింటి తర్వాత, ఏ వీధి వదిలి ఏ వైపు ఉండాలన్న దాని మీద కూడా వాళ్లతో మాట్లాడి ఒప్పించవచ్చు, చాలాసార్లు ఒప్పుకుంటారు. వాళ్లకూ గొడవ అక్కర్లేదు.

వీడియో తీసి వాట్సాప్‌లో పెట్టకండి. గుంపుగా వెళ్లి జుట్టు పట్టుకోకండి, అది మీ మీద కేసవుతుంది. వీడియోలోని మహిళ కూతురు మీ పిల్లల బడిలోనే చదువుతుండొచ్చు. ఆ వీడియో చేరిన రోజే ఆ పిల్ల చదువు ఆగిపోతుంది. విలేకరులకూ ఇదే విన్నపం. దాడుల్లో దొరికిన మహిళల ఫొటోలు, గుర్తుపట్టే వివరాలు బయటపెట్టకూడదని, గిరాకీలతో ఉన్న దృశ్యాలు ప్రసారం చేస్తే రహస్య చిత్రీకరణ నేరం కింద చర్య తీసుకోవాలని సుప్రీంకోర్టు ఉత్తర్వులోనే ఉంది. ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 77. ముఖానికి చున్నీ కప్పితే సరిపోదు. చీర చూసి ఇంట్లోవాళ్లు గుర్తుపడతారు. ప్రెస్‌మీట్‌లో వాళ్లను వరసగా నిలబెట్టడం ఆపితే ఫొటో తీసే అవకాశమే ఉండదు.

ఇంగ్లండులోని ఇప్స్‌విచ్ అనే ఊళ్లో 2006 చివర కొద్ది వారాల్లోనే రోడ్డు మీద పనిచేసే ఐదుగురు మహిళలు హత్యకు గురయ్యారు. ఆ తర్వాత అక్కడి పోలీసులు పద్ధతి మార్చుకున్నారు. మహిళలను అరెస్టు చేయడం మానేసి, కార్లలో వచ్చే మగవాళ్ల మీద నిఘా పెట్టారు. ఒక్కో మహిళకు మాదకద్రవ్యాల అలవాటు, ఇల్లు, అప్పు విడివిడిగా చూసే ఏర్పాటు చేశారు. రోడ్డు మీద ఈ పని బాగా తగ్గిపోయింది. మన పరిస్థితులు వేరే, మన చట్టం వేరే. కానీ వాళ్లు ఐదుగురు పోయాక చేసిన పనిని మనం ముందే చేయవచ్చు.

ఎస్పీ గారిని అడిగేవి ఇవి. పైన చెప్పిన అరెస్టు పద్ధతి, కండోమ్‌లు, ఎదురు కేసు పెట్టబోమన్న హామీ, మందుల గురించి అడగడం, ఇవన్నీ ఒక్క పేజీ సర్క్యులర్‌గా తెలుగులో ప్రతి స్టేషన్‌కూ పంపండి. సెక్షన్ 13 ప్రకారం ప్రత్యేక పోలీసు అధికారికి సలహా ఇవ్వడానికి ఐదుగురు వరకు సంఘ సేవకులతో, మహిళలు ఉండేలా రాష్ట్ర ప్రభుత్వం ఒక మండలి వేయవచ్చు. దాన్ని వేయమని ప్రభుత్వానికి రాయండి, ఇప్పటికే ఉంటే పేర్లు ప్రకటించండి. నెలవారీ నివేదికలో ఇంతమంది మహిళలను పట్టుకున్నాం అన్న గడి తీసేసి, సెక్షన్ 3, 4, 5, 6 కింద ఎన్ని కేసులు, ఈ మహిళలు ఇచ్చిన ఫిర్యాదులు ఎన్ని, వాటిలో ఎఫ్‌ఐఆర్ అయినవి ఎన్ని అన్న గడులు పెట్టండి.

దీని మీద ఒక సమావేశం కోరుతున్నాము. పోలీసు, నగరపాలక సంస్థ, ఆరోగ్య శాఖ, న్యాయ సేవాధికార సంస్థ, కాలనీ సంఘాలు, లాడ్జి యజమానులు రావాలి. రోడ్డు మీద పనిచేసే మహిళలు కనీసం నలుగురు, ఒక ట్రాన్స్ మహిళ రావాలి. వాళ్ల పేర్లు అడగకూడదు, ఫోన్లు బయటే పెట్టాలి. స్టేషన్‌లో అయితే వాళ్లు రారు. తిరుపతి కోర్టు ఆవరణలోని న్యాయ సేవా కమిటీ గదిలో, యూనిఫాం లేకుండా, పొద్దున 11 నుంచి 1 మధ్య పెడితే పల్లెల నుంచి వచ్చేవాళ్లకు బస్సులు అందుతాయి, పిల్లలు బడి నుంచి వచ్చే వేళకు ఇంటికి చేరుకుంటారు.

ఇట్లు,
తిరుపతి నగరంలో ఈ మహిళలతో పనిచేస్తున్న ఆరోగ్య కార్యకర్తలు, కౌన్సెలర్లు, న్యాయవాదులు